ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) కోసం ఎదురుచూపులు: నగరపాలక కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి నమస్కారం.

మాది కదిరి పక్క పల్లె. మేస్త్రీగా బెంగళూరు వచ్చి, ఇప్పుడు చిన్న ఇళ్లు కాంట్రాక్టుకి కడుతున్నాను. ప్రభుత్వ పనులకైతే పీడబ్ల్యూడీలో క్లాసులవారీగా రిజిస్ట్రేషన్ ఉంది. ప్రైవేటు ఇళ్లకు నిన్న తాపీ పట్టినవాడూ కాంట్రాక్టరే (నేనూ అలా అయినవాడినే అనుకోండి). అడుగుకి రెండు వందలు తగ్గిస్తే ఓనరు అటే పోతాడు.

2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇల్లు ప్లాను ప్రకారం కట్టారు, కాపురం ఉండొచ్చు అని ఇచ్చే కాగితం) చూశాకే కరెంటు, నీళ్లు ఇవ్వమంది. తప్పుపట్టను. సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) మింగి కట్టినవి రోజూ చూస్తున్నాం. 2025లో కర్ణాటక ప్రభుత్వం 1,200 చదరపు అడుగుల వరకు సైట్లలోని చిన్న ఇళ్లకు ఓసీ నుంచి మినహాయింపు ఇచ్చింది. నా పని 30×50 అడుగుల సైటులో, అంటే 1,500 చదరపు అడుగులు, కాబట్టి ఓసీ తప్పదు. ప్లాను ప్రకారమే కట్టాను. ఓసీకి దరఖాస్తు పెడితే, తనిఖీకి నాలుగు నెలలుగా ఎవరూ రాలేదు. మీటరు రానిదే చివరి బిల్లు ఇవ్వనంటాడు ఓనరు. శనివారం వస్తే సెంట్రింగ్ వాళ్ల బటవాడా ఆగదు కదా! వడ్డీకి తెచ్చి ఇస్తున్నాను.

2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, సంతోషమే. కానీ ఆ మిగులు వడ్డీకే సరిపోతోంది.

దరఖాస్తు తీసుకున్నప్పుడే తనిఖీ తేదీ రాసివ్వండి. అభ్యంతరాలుంటే అన్నీ ఒకేసారి, కాగితం మీద చెప్పండి. కట్టిన ఇల్లు ఎక్కడికీ పారిపోదు, వచ్చి కొలుచుకోండి.

ఇట్లు,
ఒక చిన్న కాంట్రాక్టరు