నవజాత శిశువు గురించి కుటుంబానికి కష్టమైన వార్త చెప్పిన తీరుపై ఫిర్యాదు

గుంటూరు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

అయ్యా,

గత నెల గుంటూరులోని మీ ఆస్పత్రిలో మా అమ్మాయికి తొలి కాన్పు జరిగి మగబిడ్డ పుట్టాడు. వైద్యంలో లోపం జరిగిందని నేను అనడం లేదు. చప్పరించే బలం లేని బిడ్డకు గంటల తరబడి ఓపికగా పాలు పట్టించిన మీ నర్సులకు మేము రుణపడి ఉన్నాము. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఉండి, ఎదుగుదలను, నేర్చుకోవడాన్ని నెమ్మదింపజేసే జన్యు స్థితి) ఉండవచ్చన్న సంగతిని మీ పిల్లల డాక్టరు గారు మాకు తెలియజేసిన తీరు గురించే ఈ లేఖ.

ఆపరేషన్ అయిన మర్నాడు ఉదయం అల్లుడు బిల్లింగ్ కౌంటర్ దగ్గర, నేను మందుల షాపులో ఉన్నాము. అమ్మాయి మగతగా పడుకుని ఉండగా డాక్టరు గారు వచ్చి, నా భార్య ఒళ్లో ఉన్న పసివాడి పిడికిలి విప్పి, "చేతిలో అడ్డంగా ఒకటే గీత ఉంది, కళ్లు కూడా అలాగే ఉన్నాయి, కార్యోటైపింగ్‌కు పంపుతున్నాం, తల్లికి మీరే మెల్లగా చెప్పండి" అని నిలబడే చెప్పి వెళ్లిపోయారు. కార్యోటైపింగ్ అంటే క్రోమోజోములను చూసే పరీక్ష.

నా భార్య ఐదో తరగతి వరకే చదువుకుంది. చేతి గీత అంటే ఆమెకు తెలిసింది జాతకమే. బిడ్డకు ఆయుష్షు రేఖ లేదని సాక్షాత్తూ డాక్టరే చెప్పారనుకుని, ఆ మాట ఎవరితోనూ అనకుండా, రెండు రాత్రులు వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ కూర్చుంది. అలాంటి గీత ఆరోగ్యంగా ఉన్న కొందరిలోనూ ఉంటుందని, అది అనుమానానికి ఒక ఆధారం మాత్రమేనని ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఆమెకు ఆ రాత్రులు తప్పేవి. 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండటం వల్ల డౌన్ సిండ్రోమ్ వస్తుందని, తల్లి చేసిన పనికీ దీనికీ సంబంధం లేదని చెప్పి ఉంటే, గ్రహణం రోజు కత్తిపీట ముట్టుకున్నావా అని బంధువులు అడిగినప్పుడు మా అమ్మాయి దగ్గర సమాధానం ఉండేది. ఇలాంటి పిల్లల్లో సుమారు సగం మందికి గుండె లోపం ఉంటుంది కనుక ఎకో (గుండె స్కానింగ్) తప్పనిసరి అన్న ముఖ్యమైన విషయం మాకు డిశ్చార్జి కాగితంలో ఒక పొట్టి ఇంగ్లీషు మాటగా మాత్రమే కనిపించింది.

డాక్టరు గారు కఠినులని నేను అనుకోను. ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఎంబీబీఎస్‌లో నీతి, నడవడి, సంభాషణ నేర్పే ఏట్‌కామ్ పాఠాలు 2019లో చేరిన బ్యాచ్ నుంచే వచ్చాయి. అంతకుముందు చదివిన వారికి నేర్పే బాధ్యత వారిని నియమించుకున్న మీ సంస్థదే. క్యాన్సర్ రోగులకు ఇలాంటి వార్త చెప్పడానికి ఆరు మెట్ల పద్ధతి ఒకటి 2000లోనే ప్రచురితమైంది. ఏకాంతంగా కూర్చోబెట్టడం, వారికి ఇప్పటికే ఏం తెలుసో ముందుగా అడగడం వంటి అందులోని మెట్లు పసిబిడ్డల తల్లిదండ్రులకూ పనికివచ్చేవే.

నేను రిటైరైన హైస్కూలు ఉపాధ్యాయుణ్ణి. మా బీఈడీ రోజుల్లో మేము పాఠం చెబుతుంటే లెక్చరర్ వెనక బెంచీలో కూర్చుని తప్పులు రాసుకుని, సాయంత్రం ఒక్కొక్కటీ వివరించేవారు. మీ డాక్టర్లకూ అలాంటి అభ్యాసం కావాలి. ఒకరు తల్లిగా, ఒకరు అమ్మమ్మగా కూర్చుంటే వారికి తెలుగులో చెప్పి చూపాలి, సీనియర్లు సరిదిద్దాలి.

కార్యోటైపింగ్ రిపోర్టు గురించి మాట్లాడటానికి వచ్చే వారం మమ్మల్ని రమ్మన్నారు. ఆ రోజు అమ్మాయినీ అల్లుడినీ పక్కపక్కన కూర్చోబెట్టి, బిడ్డను పేరు పెట్టి పిలిచి, వారు అడిగినంత సేపూ తెలుగులో జవాబు చెప్పే డాక్టరును కేటాయించవలసిందిగాను, మీరు ఏర్పాటు చేయబోయే శిక్షణ వివరాలను లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగాను కోరుతున్నాను.

ఇట్లు,
బిడ్డ తాతయ్య