ఫ్యాను పెట్టె మీద ధర

ఒరేయ్ లెక్కలోడా,

ఇన్నాళ్లూ రాయనందుకు ఏమీ అనుకోకు. ఇక్కడందరం బాగున్నాం. అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గింది, పాప పరీక్షలు అయిపోయాయి, మాగుంట లేఅవుట్ ఇల్లు ఇంకా మారలేదు. మిగతావన్నీ ఫోన్లో చెప్తా. ఇది మాత్రం తీరిగ్గా నీకు రాయాల్సిందే.

మా ఆఫీసుకి 20 సీలింగ్ ఫ్యాన్లు కావాలి. రోహిణి కార్తెలో నెల్లూరు ఎట్టుంటుందో నీకు చెప్పక్కర్లేదు కదా! మాది కేంద్రం ఆఫీసు కాబట్టి 2017 జీఎఫ్ఆర్, అంటే ప్రభుత్వ ఆర్థిక నియమాల ప్రకారం, ముగ్గురితో లోకల్ పర్చేజ్ కమిటీ వేశారు. అందులో నేనూ ఉన్నా. జెమ్‌లో (ప్రభుత్వ ఆఫీసులు కొనే ఆన్‌లైన్ బజారు) ఎందుకు కొనలేదని నువ్వు అడుగుతావని తెలుసు, నేనూ అడిగా. అక్కడ దొరికే వస్తువు అక్కడే కొనాలని 149వ రూల్ ఉంది. అవి వచ్చేలోపు ఎండలు పోతాయన్నారు. సరే, ఆ గొడవ వేరే.

మూడు కొటేషన్లు వచ్చాయి. ఎల్‌వన్, అంటే అన్నిటికన్నా తక్కువ రేటు, ఫ్యానుకి 2,750 రూపాయలు. మిగతావి 2,810, 2,840. మూడు వేర్వేరు లెటర్‌హెడ్‌లు, మూడు వేర్వేరు సీళ్లు. మూడింటిలోనూ ‘సీలింగ్’ స్పెల్లింగ్‌లో అదే అక్షరం తప్పు! ఒకళ్లది చూసి ఒకళ్లం రాసిన మన రెండో బెంచీ రికార్డు పుస్తకాలు గుర్తొచ్చాయా? నాకు వెంటనే అవే గుర్తొచ్చాయి.

దాన్నీ పక్కన పెట్టు. శాంపిల్ అని ఒక ఫ్యాను పంపారు. పెట్టె పక్కకి తిప్పి చూస్తే చిన్న తెల్ల స్టిక్కరు. ఎంఆర్‌పీ 2,890, అన్ని పన్నులతో కలిపి. కొటేషన్ 2,750 కదా, తక్కువే అనిపిస్తుంది. కింద సన్న అక్షరాల్లో ‘జీఎస్టీ అదనం’ అని ఉంది. 18 శాతం అంటే 495. మొత్తం 3,245! తక్కువ ధర వాడిదే పెట్టె మీద ధర కన్నా 355 ఎక్కువ. 20 ఫ్యాన్లకి 7,100 రూపాయలు. సాయంత్రం ట్రంకు రోడ్డుకి పోయి అదే మోడల్ అడిగితే, బేరం కూడా ఆడకుండానే 2,450కి ఇస్తానన్నాడు, బిల్లుతో సహా.

మర్నాడు మీటింగులో చెప్పా. “మూడు కొటేషన్లున్నాయి, ఎల్‌వన్ వచ్చింది, ఆడిట్‌కి ఇంకేం కావాలి?” అన్నారు కమిటీలో రెండో ఆయన. నాకు ఒళ్లు మండింది రా. 155వ రూల్‌లో కమిటీ మార్కెట్లో విచారించి రేటు సబబో కాదో చూడాలని ఉంది. ప్రస్తుత మార్కెట్ ధరకే సిఫార్సు చేస్తున్నామని మా ముగ్గురి చేతా సంతకం చేయించుకునేది అందుకే. ట్రంకు రోడ్డులో 2,450 అని నా చెవులతో విన్నాక ఆ కాగితం మీద ఎట్టా సంతకం పెట్టను?

“గవర్నమెంటుకి ఎంఆర్‌పీ వర్తించదు” అని ఆయనదే ఇంకో మాట. కంపెనీలు ఆఫీసులకీ సంస్థలకీ నేరుగా అమ్మే సరుక్కి వేరే పద్ధతి ఉంది, నిజమే. ఇది మామూలుగా షాపులో అమ్మే పెట్టె, ధర దాని మీదే ఉంది. 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ (ప్యాక్ చేసి అమ్మే సరుకుల నియమాలు)లో 18వ రూల్ తీసి చూపించా. చిల్లర వ్యాపారే కాదు, టోకు వ్యాపారీ తయారీదారూ కూడా ముద్రించిన ధర దాటి అమ్మకూడదు. కొనేవాడు గవర్నమెంటైతే ఫర్వాలేదని అందులో ఎక్కడుంది?

ఆ ఎల్‌వన్ డీలరు కూడా వచ్చాడు. గట్టిగా అడుగుదామనుకున్నా. ఆయన కూర్చుని, “సార్, పోయిన బిల్లు ఆర్నెల్లు తిప్పారు. ఆ వడ్డీ నేనెక్కడ వేసుకోవాలి?” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆయన చెప్పింది అబద్ధం కాదు, ఆ ఫైలు నాకు తెలుసు. బిల్లు సకాలంలో ఇవ్వకపోవడం మా తప్పే. అయితే సకాలంలో ఇచ్చే దారి చూడాలి గానీ, ఆ వడ్డీని ఫ్యాను ధరలో కలిపితే ఎట్టా? అది జనం కట్టిన పన్ను రా! కావలిలో మీ నాన్న కొట్లో అగ్గిపెట్టె కొన్నవాడి డబ్బు కూడా అందులో ఉంది.

సంతకం పెట్టలేదు. ట్రంకు రోడ్డు షాపు వాడి చేత రేటు రాయించుకుని, స్టిక్కరు ఫొటో తీసి, రెండూ జతచేసి నోట్ రాశా. మళ్లీ కొటేషన్లు పిలవాలనీ, పన్నుతో కలిపిన ధరే అడగాలనీ రాశా. కమిటీలో మూడో ఆయన నిన్నటిదాకా ఏం మాట్లాడలేదు, పొద్దున వచ్చి నా నోట్ కింద సంతకం పెట్టాడు. ఎంత సంతోషమేసిందో! మన ‘గూడూరు ప్యాసింజర్’ రోజంత సంతోషం, అర్థమైందా?

ఇంకోటి అడగాలి. నువ్వు ఒంగోల్లో ఆడిట్ వాళ్లతో పనిచేశావు కదా, ఇట్టాంటి ఫైలు మీద వాళ్లు సాధారణంగా ఏం రాస్తారు? పన్ను కలపకుండా ఎల్‌వన్ తేల్చిన ఫైళ్లు ఇంకా ఎన్ని... ఉండు, అటెండరు వచ్చాడు. పెద్దసారు ఫైలు తీసుకుని రమ్మన్నారంట. వెళ్లాలి. జవాబు మాత్రం వెంటనే రాయి, పిన్నిని అడిగానని చెప్పు.

నీ
రెండో బెంచీ