కోడిపుంజు సీసా, మీ పండుమిరప

బెంగళూరు,
ఆదివారం

ఒరేయ్ శీనూ,

కంపెనీ వాళ్ళు సాస్ కోసం ఒప్పందం మీద మిరప వెయ్యమంటున్నారు, ఏం చెయ్యమంటావురా అని మొన్న ఫోన్లో అడిగావు. అది ఫోన్లో తేలే సంగతి కాదు, అందులోనూ సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర హారన్ల మధ్య నిలబడి. అందుకే తీరిగ్గా రాస్తున్నా. పొడుగవుతుంది, ఓపిక పట్టు.

నా రూమ్మేట్ రవి ఉన్నాడుగా, కడపవాడు. వాళ్ళక్క అమెరికా నుంచి వస్తూ శ్రీరాచా అనే మిరప సాస్ తెచ్చింది. పచ్చమూత, సీసా మీద తెల్లటి కోడిపుంజు. నూడుల్స్ మీద వేసుకుంటే వేసుకున్నాడు, వీడు పెసరట్టు మీద కూడా పిండుతున్నాడు! నేనూ నాలిక మీద వేసుకుని చూశా. ముందు వెల్లుల్లి తగులుతుంది, తర్వాత తీపీ పులుపూ, కారం ఎక్కడో చివర్లో. పండిన హలపీనో కాయతో చేస్తారు కాబట్టి తేజ మిర్చి తిని పెరిగిన మనకి అదొక కారమే కాదు. అబద్ధమెందుకు, బాగానే ఉంది.

ఆ సీసా వెనకాల కథ చదువుతుంటే నువ్వే గుర్తొచ్చావు. ఆ సాస్ కంపెనీ పెట్టినాయన డేవిడ్ ట్రాన్, వియత్నాంలో పుట్టిన చైనీయుడు. 1978 చివర్లో ‘హ్యూయ్ ఫాంగ్’ అనే సరుకుల ఓడలో వేలమంది శరణార్థులతో కలిసి దేశం దాటాడు. 1980లో లాస్ ఏంజెలిస్‌లో సాస్ కంపెనీ పెట్టి దానికి ఆ ఓడ పేరే పెట్టుకున్నాడు. ఆయన పుట్టింది 1945, చైనా లెక్కలో కోడి ఏడాది, అందుకే ఆ బొమ్మ. మొదట్లో సీసాలు వ్యానులో వేసుకుని హోటళ్ళ చుట్టూ తనే తిరిగేవాడట. ప్రకటనల జోలికి పోలేదు. శ్రీరాచా అన్నది థాయిలాండ్‌లో ఒక ఊరు. ఆ పేరు మీద ట్రేడ్‌మార్క్ కూడా తీసుకోలేదు మహానుభావుడు. ఇక్కడ కోరమంగల సూపర్‌మార్కెట్లో అదే పేరుతో ఎవరెవరివో సీసాలు దొరుకుతాయి, కోడి ఉండదంతే.

నీకు కావలసింది దీని తర్వాత సంగతి. 1988లో క్రెయిగ్ అండర్‌వుడ్ అనే కాలిఫోర్నియా రైతు, మీకు మిరప నేను పండించి ఇస్తానని ట్రాన్‌కి ఉత్తరం రాశాడు. అలా మొదలై 1,700 ఎకరాలు దాటింది. వాళ్ళది ఎండుమిర్చి బేరం కాదురా. కల్లంలో ఎండబెట్టడం, తాలుకాయ ఏరడం, టిక్కీలకి (గోతాలకి) ఎత్తడం ఏమీ లేవు. పండుకాయ కోసీ కొయ్యగానే ఫ్యాక్టరీకి పోవాలి. అక్కడ రుబ్బి నీలం డ్రమ్ముల్లో నిల్వ చేసుకుంటారు, ఏడాది పొడుగునా సాస్‌కి అదే ఆధారం. పిన్ని పెట్టే పండుమిరప పచ్చడి లాంటిదే, చింతపండుకి బదులు వెనిగర్. (2013లో ఆ ఫ్యాక్టరీ ఘాటుకి కళ్ళు మండుతున్నాయని ఊరివాళ్ళు మొత్తుకుంటే ఇర్విండేల్ నగరపాలకులు కోర్టుకెక్కారు. వాళ్ళని ఒక్కపూట మన గుంటూరు మిర్చి యార్డులో కూర్చోబెట్టాల్సింది.)

ఇక్కడే ఉంది మెలిక. ఎండుమిర్చి అయితే రేటు నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి చూస్తావు. పండుకాయ ఆగదు. కొనేవాడు ఒక్కడే, వాడు వద్దంటే చేలో కుళ్ళాల్సిందే. అటు ట్రాన్‌కీ కాయ ఇచ్చేది దాదాపు ఈ రైతే. ఇద్దరి మధ్యా చాలా ఏళ్ళు మాట మీదే నడిచింది. 28 ఏళ్ళ తర్వాత డబ్బు దగ్గర తేడా వచ్చింది. మీకు ఎక్కువ ఇచ్చాం, తిరిగివ్వండని 2017లో కంపెనీ కేసు వేస్తే, ఒప్పందం తప్పారు, మోసం చేశారని రైతు ఎదురు కేసు వేశాడు. 2019లో జ్యూరీ కంపెనీ అడిగిన బాకీ న్యాయమే అంటూనే, రైతుకి 2.33 కోట్ల డాలర్లు కట్టమంది.

గెలిచాడు కదా అంటావు. అన్ని ఎకరాలకి కొనేవాడు ఒక్కసారిగా లేకుండా పోయాక, కోర్టు డబ్బు వచ్చేదాకా ఆ మనిషి ఎలా నెట్టుకొచ్చాడో ఊహించుకో. తర్వాత తనే సొంతంగా శ్రీరాచా చేసి అమ్ముతున్నాడులే. అటు కంపెనీ కాయ కోసం వేరేచోట్ల వెతుక్కుంది. 2022లో కరువుకి కాయ దొరక్క ఆర్డర్లు ఆపేసింది. ఆ కొరతలో సీసాలు ఆన్‌లైన్లో ఎన్నో రెట్లకి అమ్ముడయ్యాయి. 2024 మేలో కాయకి ఎరుపు రాలేదని మళ్ళీ ఉత్పత్తి ఆపింది.

అందుకే చెప్తున్నా, ఉన్న ఆరెకరాల్లో రెండెకరాలకి మించి నీ దగ్గరికొచ్చిన కంపెనీకి ఒప్పుకోకు. మిగతాది తేజ వేసి ఎప్పట్లా యార్డుకి తోలు. కోత రోజు లారీ రాకపోతే నష్టం ఎవరిది, ఎరుపు చాల్లేదని తీసేసే కాయ లెక్క ఎవరు తేలుస్తారు, 2021లో లాగా నల్లతామర పురుగు పడితే ఏంటి, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. బాబాయ్ మాట మీద పోదాం అంటాడు, నాకు తెలుసు. కమీషన్ కొట్టు ఆయనతో అది చెల్లుతుంది, ఏళ్ళ తరబడి మొహాలు చూసుకున్నవాళ్ళు. కంపెనీ తరఫున ఇవాళ మీ అరుగు మీద టీ తాగిన కుర్రాడు వచ్చే కోతకి ఇంకో ఉద్యోగంలో ఉంటాడు. ఇక్కడ నేను రోజూ చూస్తున్నదే అది.

సంతకం పెట్టకముందే ఆ కాగితాలు ఫోటో తీసి పంపు. మా ఆఫీసులో లీగల్ పని చూసే ఒంగోలు అమ్మాయి ఉంది, చదివించి చెప్తా. పిన్ని ఈసారి పచ్చడి పంపితే రెండు డబ్బాలు పంపమను, ఒకటి రవికి కనపడకుండా దాచాలి. రాత్రి బస్సులో వేసి నాకు మెసేజ్ పెట్టు, పొద్దున్నే మడివాళ దగ్గర తీసుకుంటా.

నీ
బాలు