సవరల కథలో వార్లీ బొమ్మలా?

సంపాదకుల వారికి,

బొమ్మల నవలల మీద మొన్న ఆదివారం సంచికలో మీరు వేసిన వ్యాసం చదివాను. ఆదివాసుల చరిత్రను పిల్లలకు బొమ్మల్లో చెప్పాలన్న మాట బాగుంది. ఆ బొమ్మలు ఎవరు గీయాలన్న సంగతి మాత్రం అందులో రాలేదు. దాని గురించే ఈ ఉత్తరం.

నాది పర్లాకిమిడిలో చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. పెళ్లికార్డులు, బిల్లుబుక్కులు, ఎన్నికలొస్తే కరపత్రాలు వేస్తుంటాను. సగం తెలుగులో, సగం ఒడియాలో. కిందటేడు ఒక పుస్తక ప్రదర్శనలో, మా చుట్టుపక్కల కొండల్లో ఉండే సవర ఆదివాసుల మీద బొమ్మల పుస్తకం కనబడితే కొని తెచ్చి కౌంటర్ మీద పెట్టాను. గుమ్మ వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో చదువుకుంటున్న సవర కుర్రాడొకడు జిరాక్స్ కోసం వచ్చాడు. కాయితాలు అయ్యేదాకా దాన్ని తిరగేస్తూ ఒకచోట ఆగి "వీళ్లెవరు అంకుల్?" అన్నాడు. "మీవాళ్లేరా" అన్నాను. పకపకా నవ్వేశాడు. అప్పుడు నేనూ సరిగ్గా చూశాను. నాయకుడి తలకి ఇంగ్లీషు సినిమాల్లో రెడ్ ఇండియన్లకు పెట్టే ఈకల కిరీటం! పేజీ అంచుల నిండా రెండు త్రికోణాలు కొనలు కలిపి గీసిన మనుషులు. అవి మహారాష్ట్రలో అరేబియా సముద్రం వైపుండే వార్లీల బొమ్మలు. వాళ్లెక్కడ, మన మహేంద్రగిరి కొండలెక్కడ?

సవరలకు బొమ్మలు లేకనా అంటే, తరతరాలుగా వాళ్ల ఇంటిగోడే పుస్తకం. దాన్ని ఇడితాల్ అంటారు. గోడను ఎర్రమట్టితో అలికి, బియ్యప్పిండి నీళ్లలో కలిపి, పుల్ల కొస నలగ్గొట్టి దాంతో గీస్తారు. ముందు ఇల్లులాగ చుట్టూ ఒక చట్రం. దానిలోపల సూర్యుడు, చంద్రుడు, గుర్రం మీద పెద్దమనిషి, ఏనుగులు, వరసగా ఆడేవాళ్లు, చెట్టెక్కి కల్లు దించేవాడు. చనిపోయిన పెద్దల కోసమని, జబ్బు నయం కావాలని, పంట నిలవాలని గీస్తారు. కాలం మారితే బొమ్మా మారింది. ఆదివాసుల జీవితం మీద పుస్తకాలు రాసిన వెరియర్ ఎల్విన్ ఈ కొండల్లో తిరిగిన రోజులకే ఆ గోడల మీదికి విమానాలు, రైళ్లు వచ్చేశాయి. ఆ కుర్రాడి అమ్మమ్మ ఇంట్లో కూడా ఇడితాల్ ఉండేదట. సిమెంటు ఇల్లు కట్టాక పోయిందన్నాడు.

వాళ్ల గీతలో పుస్తకం ఎలా వస్తుందని అడిగేవాళ్లు 'భీమాయన' చూడాలి. 2011లో వచ్చిన ఆ పుస్తకంలో అంబేద్కర్ జీవితాన్ని పర్‌ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ గీశారు. మామూలు బొమ్మల కథల్లోలాగ మనుషుల్ని గళ్లల్లో పెట్టి గీయడానికి వాళ్లు ఒప్పుకోలేదు. తమ ఇళ్ల గోడల మీద వేసుకునే ముగ్గులతోనే పేజీని విడదీశారు.

ఏ చరిత్ర అన్నది ఇంకో సంగతి. బొమ్మల పుస్తకాల్లో ఆదివాసి అంటే విల్లు ఎక్కుపెట్టి అరుస్తున్న మనిషే. తిరుగుబాట్లు వద్దనను. 1864లో గుణుపురం దగ్గర పొట్టసింగిలో తమ గొమాంగోను, అంటే గ్రామపెద్దను, పోలీసులు పట్టుకున్నారని సవరలు తిరగబడ్డారు. తర్వాత కొందరిని ఉరి తీశారు. కొరాపుట్ వైపు ఆదివాసి స్వాతంత్ర్య యోధుడు లక్ష్మణ్ నాయక్‌ను 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరి తీశారు. ఇవి రావాల్సిందే. వీటితోపాటు కొండవాలును రాళ్లగట్లతో మెట్లుమెట్లుగా కట్టి నీళ్లు ఒక మడిలోంచి ఇంకో మడిలోకి దించే సవరల వ్యవసాయమూ రావాలి. సంతలో చింతపండు తూకం దగ్గర జరిగే మోసమూ రావాలి. అదీ చరిత్రే, పైగా ఇంకా నడుస్తున్నది.

ఇక భాష. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊరి రాజావారి బడిలో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకున్నారు. ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. ఏటా ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసి తెలుగు గొప్పదనం మీద గంటలకొద్దీ మాట్లాడతాం (నేనూ మాట్లాడాను). ఆ సభల్లో సవర మాట ఒక్కటి వినబడితే ఒట్టు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసిందని పంతులుగారు రాజమండ్రి వెళ్లిపోయారు. అదే ఏడు మంగెయి గొమాంగో అనే ఆయన సవర భాషకు సొరాంగ్ సోంపెంగ్ అనే లిపి తయారుచేశారు. 24 అక్షరాలు. 2012 నుంచి కంప్యూటర్లలో అక్షరాలకు వాడే యూనికోడ్‌లోనూ ఉంది. కానీ శ్రీకాకుళం వైపు సవర పిల్లలకు తెలుగు లిపి అలవాటు, ఇటు ఒడియా. ఒకే భాషకు మూడు లిపులా, ఎవరు అచ్చువేస్తారు అని ప్రచురణకర్తలు చేతులెత్తేస్తారు.

ప్రెస్సువాడిగా చెబుతున్నాను, ఇదేమంత పెద్ద ఖర్చు కాదు. ఇడితాల్‌కు నాలుగు రంగులు అక్కర్లేదు. తెల్లగీత కాగితమే ఇస్తుంది, చుట్టూ మట్టిరంగు ఒక్కటి కొడితే చాలు. మాటలు నలుపులో విడి ప్లేటు మీద వేస్తాం. బొమ్మలున్న కాయితాలు ఒక్కసారే ఎక్కువ కొట్టించి, నలుపు ప్లేటు మార్చుకుంటూ పోతే అదే పుస్తకం మూడు లిపుల్లోనూ వస్తుంది. వచ్చే ఆగస్టు 29 సభకు దండలకీ శాలువాలకీ వసూలుచేసే డబ్బు దీనికివ్వమని రెండువైపులా ఉన్న తెలుగు సంఘాల వాళ్లను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. 32 పేజీల పుస్తకమైతే ప్లేట్ల ఖర్చు నాది. ఒకటే షరతు, గీసినవాళ్ల పేర్లు లోపలెక్కడో చిన్నక్షరాల్లో కాదు, అట్ట మీద ఉండాలి.

ఇట్లు,
ఒక ప్రెస్సు యజమాని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా