పక్కింటి ఫోన్లో మన ఇంటిపేరు

నెల్లూరు, మూలాపేట
ఆదివారం

బుజ్జమ్మా,

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. ఫోన్లో చెబితే "సరే నాన్నా, సరే నాన్నా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే సగమైనా చదువుతావని రాస్తున్నా.

రొట్టెల పండక్కి పక్కింటికి చుట్టాలు దిగారు. మిద్దె మీద కూడా చాపలు పరుచుకుని పడుకున్నారు. మీ అమ్మ కూడా స్వర్ణాల చెరువుకి పోయి నీ పేరున సొంతింటి రొట్టె తీసుకొచ్చింది. ఆ సంగతి తనే చెబుతుంది, నేను ముందే చెప్పానని అనబాక.

సరిగ్గా ఆ రోజుల్లోనే అల్లుడుగారు పంపిన హెడ్‌ఫోన్ కంప్యూటర్‌కి కలుపుదామని కూర్చున్నా. బ్లూటూత్ పేజీ తెరిస్తే ఎవరెవరివో ఫోన్లు, ఒక టీవీ, ఒక వాచీ, అన్నీ వరసగా కనపడ్డాయి. ఇంతలో మీ అమ్మ అన్నానికి పిలిచింది. ముందురోజు చేపల పులుసు. పేజీ అట్లాగే వదిలేసి లేచిపోయా. తిరిగొచ్చి చూస్తే తెర మీద ఎవరిదో ఫోను పేరు, దాని కింద 6 అంకెల నంబరు, ఈ నంబరు సరిపోయిందా అని ఒక ప్రశ్న. మీ అమ్మ వెనకనుంచి చూసి "ఓటీపీ వచ్చినట్టుంది, ఎవరికీ చెప్పబాకండి" అంది. నేను అప్పటికే 'ఎస్' నొక్కబోతున్నా. ఆమె మాటకి చెయ్యి ఆగింది. 'నో' కొట్టా.

ఆ మధ్యాహ్నమంతా పక్కింటివాళ్ళ మీద అనుమానంతోనే గడిచింది. సాయంత్రం వాళ్ళ చుట్టాల పిల్లోడే గోడ అవతలనుంచి పలకరించాడు. "తాతా, మీ పేరు ఇంటిపేరుతో సహా నా ఫోన్లో కనపడింది, ఏందో చూద్దామని నొక్కా" అన్నాడు. వాణ్ణి ఏమంటాం?

తప్పులు రెండూ నావే. ఆ పేజీ తెరిచి ఉన్నంతసేపూ కంప్యూటరు చుట్టుపక్కల పరికరాలన్నిటికీ కనపడుతూనే ఉంటుందట. ఏ పేరుతో కనపడుతోందో కూడా అక్కడే రాసి ఉంది, నేనే చూడలేదు. ఇక ఆ పేరంటావా, కొన్నరోజు నువ్వు పెట్టిందే. నీ ల్యాప్‌టాప్‌కి నీ పూర్తి పేరు, పక్కన మీ కంపెనీ పేరు కూడా ఉన్నట్టు గుర్తు. ఒంగోల్లో మీ ఫ్లాట్‌లో అంతస్తుకి నాలుగిళ్ళు. ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆ పేరు మార్చు. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్, అక్కడ రీనేమ్ అని ఉంటుంది. మార్చాక ఒకసారి రీస్టార్ట్ చెయ్యాలి. మన దానికి 'వేపచెట్టు' అని పెట్టా. మనవడి పేరు పెట్టమని మీ అమ్మ పోరింది, ఒప్పుకోలేదు.

ఆ 6 అంకెల సంగతి. అది ఓటీపీ లాగా దాచుకునేది కాదు. రెండు తెరల మీదా ఒకే నంబరు పడుతుంది, మనం కలుపుతున్నది మనదేనా అని సరిచూసుకోవడానికి. మనం మొదలుపెట్టకుండానే వచ్చిందంటే ఇక సరిచూడటం కూడా దండగ, 'నో' కొట్టెయ్యడమే. పొరపాటున ఒప్పుకున్నావనుకో, కీబోర్డునని చెప్పుకుని కలిసిన పరికరం మన కంప్యూటర్లో తనే టైపు చెయ్యగలదు. స్పీకర్లకి, హెడ్‌ఫోన్లకి తెర లేదు కాబట్టి చాలావాటిలో ఆ ప్రశ్నే రాదు. జత (పెయిరింగ్) కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఎవరు ముందు నొక్కితే వాళ్ళకి కలిసిపోతాయి. పని అయిపోగానే వాటి స్విచ్ ఆపెయ్.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన రోజుల్లో వైరు ఉండి కూడా క్రాస్ టాక్‌లో పక్కవీధి పెళ్ళిమాటలు వినపడేవి. అందుకే వైరు లేని దేన్నీ నేను తొందరగా నమ్మను. బ్లూటూత్ మామూలుగా 30 అడుగుల దాకా అందుతుందంటారు. మన వీధిలో 30 అడుగులంటే అటు ఒక ఇల్లు, ఇటు ఒక ఇల్లు, పైన మిద్దె. కొన్ని పరికరాలైతే 100 మీటర్లు పోతాయి. జత కుదిరాక నడిచేదంతా తాళం వేసినట్టే పోతుంది, గండమంతా ఎక్కువగా ఆ కుదిరే నిమిషంలోనే. అట్లాగని జత కుదరకపోతే ఏమీ కాదనీ కాదు. 2017లో బ్లూబోర్న్ అని కొన్ని లోపాలు బయటపడ్డాయి. విండోస్, ఆండ్రాయిడ్, లినక్స్ అన్నిట్లోనూ. బ్లూటూత్ ఆన్‌లో ఉంటే చాలు, జత అక్కర్లేకుండానే దాడి చెయ్యడానికి వీలుండేది. అప్‌డేట్లతోనే వాటిని పూడ్చారు. నువ్వు 'తర్వాత, తర్వాత' అని నొక్కేది ఆ అప్‌డేట్లనే.

ఇదంతా ఫోన్లో చెబితే నువ్వేమన్నావు? "ఆఫ్ చేసెయ్ నాన్నా, గొడవే ఉండదు." చేశా. మరుక్షణం మౌసు కదల్లేదు, కీబోర్డు పలకలేదు. అవి రెండూ బ్లూటూత్‌వే కదమ్మా! పాతవాటికైతే గోరంత ముక్క యూఎస్‌బీలో గుచ్చి ఉండేది, వాటికి ఈ బాధ లేదు. ఇప్పుడు మళ్ళీ ఆన్ చేద్దామన్నా నొక్కడానికి మౌసేదీ? చివరికి పక్కింటికే పోయి వైరున్న మౌసు అడిగి తెచ్చుకున్నా. ఆ మధ్యాహ్నం అనుమానించింది వాళ్ళనే కాబట్టి కాస్త నామోషీగానే ఉండింది.

ఆఫ్ చెయ్యక్కర్లేదని ఆ తర్వాత తెలిసింది. అదే బ్లూటూత్ పేజీలో ఇంకొంచెం లోపలికి పోతే, పరికరాలు ఈ కంప్యూటర్‌ని కనిపెట్టవచ్చు అనే చోట టిక్కు ఉంటుంది. అది తీసేశా. ఇదివరకు కలిసినవన్నీ మామూలుగానే పనిచేస్తున్నాయి. కొత్తవి కలవాలని అడిగితే నాకు తెలియజెయ్యమనే టిక్కు మాత్రం ఉంచా. జత అయిన వాటి జాబితా చూస్తే, నువ్వు పోయినేడు అమ్మేసిన ఫోను ఇంకా అందులోనే ఉంది. తీసేశా. నీ దాంట్లో ఏమేమున్నాయో నువ్వే చూసుకో.

పక్కింటి మౌసు ఇంకా మన బల్ల మీదే ఉంది. ఖాళీ చేతుల్తో ఎట్లా ఇస్తామని మీ అమ్మ రోజూ వాయిదా వేస్తోంది. ట్రంకు రోడ్డుకి పోయి మలై కాజా తెస్తే గాని అది వాళ్ళింటికి చేరేట్టు లేదు. నువ్వు శనివారం వచ్చేట్టయితే చెప్పు, అరకిలో ఎక్కువ తెస్తా.

ఇట్లు
నాన్న