బొమ్మ ఏ పేరాది?

అమ్మలూ,

నీ రిపోర్ట్ మొత్తం చదివాను. మూడో అధ్యాయం ఎంత స్పష్టంగా రాశావో! పైన రెండు వాక్యాలు కలిపితే చాలు, కింద బొమ్మలన్నీ చెదిరిపోతున్నాయని టెన్షన్ పడుతున్నావు కదా. ఫైల్ చూశాక కారణం తెలిసింది.

వర్డ్‌లో బొమ్మ రెండు రకాలుగా కూర్చుంటుంది. 'ఇన్ లైన్ విత్ టెక్స్ట్' పెడితే అది వరుసలో ఒక పెద్ద అక్షరంతో సమానం. ముందు ఏం చేర్చినా, తీసేసినా మాటలతో పాటే జరుగుతుంది. స్క్వేర్, టైట్, టాప్ అండ్ బాటమ్, బిహైండ్ టెక్స్ట్ లాంటివి పెడితే బొమ్మ వరుసలోంచి బయటికొస్తుంది. పేజీలో ఎక్కడికైనా లాగొచ్చు. కానీ అప్పుడు కూడా అది ఏదో ఒక పేరాకు కట్టేసే ఉంటుంది. బొమ్మ మీద క్లిక్ చేస్తే ఆ పేరా పక్కన చిన్న లంగరు (యాంకర్) గుర్తు కనిపిస్తుంది. ఆ పేరా తర్వాతి పేజీకి వెళ్తే బొమ్మా వెళ్తుంది. ఆ పేరాను పూర్తిగా డిలీట్ చేస్తే బొమ్మ కూడా పోతుంది! నువ్వు మౌస్‌తో లాగిన ప్రతిసారీ లంగరు దగ్గర్లో ఉన్న ఇంకో పేరాకు మారిపోయింది. అందుకే నీ బొమ్మలు సంబంధం లేని పేరాల వెంట తిరుగుతున్నాయి.

నా మాట విను, గ్రాఫులన్నీ ఇన్ లైన్‌లోకి మార్చెయ్. ఒక్కోదానికి విడిగా ఒక పేరా ఇచ్చి, సెంటర్ చేసి, ఆ పేరాకు 'కీప్ విత్ నెక్స్ట్' పెట్టు. అప్పుడు బొమ్మ ఒక పేజీలో, కింద క్యాప్షన్ ఇంకో పేజీలో పడవు. బొమ్మ సన్నటి గీతలా మాత్రమే కనిపిస్తే కంగారు పడకు. లైన్ స్పేసింగ్ 'ఎగ్జాక్ట్లీ' అని ఉండుంటుంది, 'సింగిల్' చేస్తే పూర్తిగా కనిపిస్తుంది. రెండు ఫొటోలు పక్కపక్కన కావాలంటే రెండు గడుల టేబుల్ వేసి, బోర్డర్ తీసెయ్. ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి నాకు తెలియదు.

చుట్టూ అక్షరాలు పారాల్సిన చిన్న ఫొటోకి మాత్రం స్క్వేర్ వాడుకో. లేఅవుట్‌లో 'మూవ్ ఆబ్జెక్ట్ విత్ టెక్స్ట్', 'లాక్ యాంకర్' రెండూ టిక్ చెయ్. నీ స్నేహితురాలు వర్డ్ లాంటిదే అయిన లిబ్రే ఆఫీస్‌లో రాస్తోందన్నావు కదా, తనను యాంకర్‌లో 'యాజ్ క్యారెక్టర్' ఎంచుకోమను. అది కూడా ఇన్ లైన్ లాంటిదే.

సైజు మార్చేటప్పుడు మూల పట్టుకునే లాగు, లేకపోతే గ్రాఫు సాగిపోతుంది. ప్రింట్‌కి అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటే మంచిది. అంటే నాలుగు అంగుళాల బొమ్మకి 1200 పిక్సెళ్ల వెడల్పు కావాలి. నీ రెండో ఫొటో అంత లేదు, అసలు ఫైల్ వెతికి పెట్టు.

ముందు మూడో అధ్యాయంలో మొదటి గ్రాఫు సరిచెయ్యి. దాని లంగరు అధ్యాయం శీర్షికకు పడింది. అన్నీ మార్చాక మొదటి పేజీలో ఒక ఖాళీ పేరా చేర్చి, బొమ్మలు తమ మాటల దగ్గరే ఉన్నాయో లేదో చూసి, ఆ పేరా తీసేసి పీడీఎఫ్ చేసి పంపు. రాత్రికే చూసి చెబుతాను.

ప్రేమతో,
నాన్న