సోయా కొత్త రకమంటే దిగుబడి ఒక్కటేనా?

సంపాదకులకు,

కొత్త సోయా చిక్కుడు రకం వచ్చిందని వార్త వేసినప్పుడల్లా దిగుబడి అంకె ఒక్కటే ఇస్తున్నారు. కాయ గురించి, గింజ గురించి ఒక్క ముక్క ఉండదు. ప్రయోగ క్షేత్రంలో సోయా కాయలు లెక్కపెట్టి, గింజలు తూచే పని నాది. అందుకే ఈ ఉత్తరం.

ఒకే సంకరం నుంచి వచ్చిన లైన్లను, అంటే ఒకే తల్లిదండ్రుల నుంచి పుట్టిన వేర్వేరు వంశాలను, పక్కపక్కన వేసినా వాటి తేడాలు చూసి తీరాల్సిందే. ఒకదాని కాయ లేత గోధుమ రంగు, పక్కదానిది నలుపు. కాయలో ఎక్కువగా రెండు మూడు గింజలే ఉంటాయి. ఆకు సన్నగా ఉండే లైన్లలో మాత్రం నాలుగు గింజల కాయలు బాగా కనిపిస్తాయి. అంతమాత్రాన దిగుబడి పెరిగిపోదు. గింజల సంఖ్య పెరిగినచోట సైజు తగ్గడం మామూలే.

నూరు గింజలు ఒక లైన్‌లో 10 గ్రాములు తూగితే ఇంకోదాంట్లో 16 గ్రాములు తూగుతాయి. అంటే కిలోకి మొదటిదాంట్లో 10,000 గింజలు, రెండోదాంట్లో 6,250. కిలోల లెక్కన విత్తేవాళ్లకు ఇది తెలియకపోతే చేలో మొక్కల సంఖ్యే తారుమారవుతుంది. పైగా లావు గింజ సాధారణంగా నిల్వలో మొలకశక్తిని త్వరగా పోగొట్టుకుంటుంది, నూర్పిడి దెబ్బలకు పగులుతుంది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది కాయ చిట్లడం. బాగా ఎండిన కాయను కొన్ని లైన్లలో వేలితో తాకితే చాలు, టప్పున విచ్చుకుంటుంది. తొక్కలు రెండూ మెలితిరిగి గింజలు దూరంగా ఎగిరిపడతాయి. పక్క లైన్‌లో అదే ఎండకు ఎండిన కాయ గట్టిగా నొక్కితే తప్ప విడిపోదు. దీని వెనక ఉన్న పీడీహెచ్1 అనే జన్యువును 2014లో జపాన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. అది పనిచేస్తే ఎండేకొద్దీ తొక్క మెలిపడే బలం పెరుగుతుంది, పనిచేయకపోతే కాయ నిలుస్తుంది. కోత కొద్ది రోజులు ఆలస్యమైతే చిట్లే రకంలో పంట నేలపాలే. కాగితం మీద దిగుబడి ఎంతుంటే ఏం లాభం?

ఇకనుంచి కొత్త రకం వార్తలో నూరు గింజల బరువు, పండాక కాయ ఎన్నాళ్లు చిట్లకుండా ఆగుతుంది, నిల్వ తర్వాత మొలక శాతం ఎంత అన్నవి కూడా వేయండి. రకాన్ని తయారుచేసినవాళ్లను మీ విలేకరులు ముందు ఇవే అడగాలని నా మనవి.

ఇట్లు,
సోయా ప్రయోగ క్షేత్రంలో పనిచేసే ఒక పాఠకురాలు